గృహయంత్రములు: గుర్తులు కలిసిన చాలునా?



ఒక సోదరి మాకిట్లు వ్రాసియున్నారు: "మా మామగారు కొన్న అంబాసడరు కారు చాలయేండ్లుగా షెడ్డులో నిలిచియున్నది. నా భర్తయు నేనును దాని యింజను విప్పి, అరిగిన భాగములు మార్పించి, మరల కూర్చుచున్నాము. కామ్ షాఫ్టునకు క్రొత్త చైను వేసితిమి. పళ్లచక్రముల మీది గుర్తులు ఎదురెదురుగా కలిసినవి గనుక మూత బిగింపవచ్చునని మెకానిక్కు చెప్పుచున్నాడు. ఒకసారి కొలిచి చూతమని నేననగా, ఆడువారికి అనుమానమెక్కువయని ఇంటివారందఱు నవ్వుచున్నారు. నా మాట తప్పా?"

తప్పు గాదు. నవ్వినవారికిని మేలుచేయు అనుమానమది. ఎట్లో చెప్పెదను.

అంబాసడరును పశ్చిమ వంగమున ఉత్తరపారలో హిందూస్థాన్ మోటార్సువారు చేసిరి. 2014లో తయారీ నిలిచిపోయినది. బ్రిటిషు మోటారు కార్పొరేషనువారి నమూనాలోని 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను చాలకాలము దానికమర్చబడెను. అందు నాలుగు సిలిండర్లు. ఒక్కొక్కదానికి రెండేసి వాల్వులు. వాల్వనగా తలుపే. ఒకటి పెట్రోలు కలిసిన గాలిని లోనికి రానిచ్చును. రెండవది పొగను వెలుపలికి పంపును. వీనిని వేళకు తెరపించునది కామ్ షాఫ్టు మీది మిట్టలు. క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి కామ్ షాఫ్టు ఒకచుట్టు తిరుగును. ఆ రెండింటిని జతపఱచునది చైను.

ఒకే రోటిలో ఇరువురు దంచుట మీరెఱిగినదే. ఒక రోకలి లేచునప్పుడు రెండవది దిగవలెను. లయ కొంచెము తప్పినచో దంపు సరిగా సాగదు. మిక్కిలి తప్పినచో రోకళ్లు ఢీకొనును. ఇంజనులోను అంతియే. కొలది డిగ్రీలు తేడాపడినచో బలము తగ్గును, పెట్రోలు వృథాయగును. తేడా పెద్దదైనచో, కొన్ని రకముల యింజనులలో పిస్టను వాల్వును తాకి వంచివేయును.

మఱి గుర్తులు కలిసినను లయ యెట్లు తప్పును? గుర్తు పళ్లచక్రము మీద నున్నది; వాల్వును తెరచు మిట్ట కామ్ షాఫ్టు మీద నున్నది. ఆ రెండింటి నడుమ కీ కలదు, కీ కూర్చుండు గాడి కలదు. పాత కామ్ షాఫ్టును మరల సానపట్టించినప్పుడు మిట్ట కొంచెము ప్రక్కకు పోవచ్చును. వేఱొకరు చేసిన చక్రమునందు గాడి కొంచెము తప్పియుండవచ్చును. గుర్తులు కలియుటవలన చైను పన్ను తప్పలేదని మాత్రము తెలియును. అదియు చిన్న సంగతి గాదు: చక్రమునకు 40 పండ్లున్నచో ఒక్క పన్ను తప్పుటవలన క్రాంక్ షాఫ్టు లెక్కలో 18 డిగ్రీల తేడా వచ్చును. అయినను 4, 5 డిగ్రీల తేడా గుర్తులకు కనబడదు. దానిని కొలతయే పట్టవలెను.

కావలసినవి నాలుగు: 360 డిగ్రీలు గీసిన చక్రము, ముల్లుగా నిలుపుటకు గట్టి తీగె, ఒక డయల్ గేజి, నడుమ బోల్టు దిగిన యినుప పలక. హెడ్డు బిగింపకముందే ఈ పని చేయుట సులభము.

మొదట పిస్టను పైకొన నిజముగా ఎచ్చటనో తెలియవలెను. ఉయ్యెల కొనకు పోయినప్పుడు ఒక్క క్షణము ఆగినట్లుండును గదా! పిస్టనును అట్లే పైకొనయందు కొన్ని డిగ్రీల దూరము కదలనట్లే యుండును, కంటితో తెలియదు. కావున డిగ్రీల చక్రమును క్రాంక్ షాఫ్టు ముందుకొనకు బిగించి, మొదటి సిలిండరు మీద పలకను అడ్డముగా బిగింపవలెను. క్రాంక్ షాఫ్టును చేతితో మెల్లగా ఒకవైపు త్రిప్పి, పిస్టను బోల్టును తాకినచోట డిగ్రీలు వ్రాసికొనవలెను. రెండవవైపు త్రిప్పి మరల వ్రాసికొనవలెను. ఒకవైపు 20, మఱియొకవైపు 24 వచ్చినచో రెండును 22 అగునట్లు ముల్లును జరుపవలెను. ఇప్పుడు సున్న యున్నచోటే నిజమైన పైకొన. పలకను తీసివేయుట మఱవరాదు.

పిమ్మట మొదటి సిలిండరులో గాలి లోనికి వచ్చు వాల్వు పుష్ రాడ్డు మీద డయల్ గేజి నిలుపవలెను. ఈ యింజనులో ముందునుండి రెండవది అదియే. ఇంజను నడచు దిక్కుననే, అనగా ముందునిలిచి చూచువారికి కుడిచుట్టుగా, త్రిప్పవలెను. పొరపాటున దాటిపోయినచో, బాగుగా వెనుకకు పోయి మరల ముందుకు రావలెను. లేనిచో చైను వదులు కొలతను చెఱుచును. పుష్ రాడ్డు మిక్కిలి యెత్తునకు చేరినచోటగూడ ఉయ్యెల న్యాయమే. అందుచే శిఖరమునకు ముందొకసారి, తరువాత నొకసారి, ఎత్తు సమానముగా నున్నచోట్ల డిగ్రీలు చూచి సగము తీయవలెను. 74, 154 వచ్చినచో శిఖరము 114.

అది సరియా కాదా? తయారుచేసినవారి పుస్తకములోని లెక్క చూడుడు. వాల్వు పైకొనకు 5 డిగ్రీల ముందు తెరచుకొని, క్రిందికొన దాటిన 45 డిగ్రీలకు మూసుకొనునని యున్నదనుకొందము. మొత్తము 5, 180, 45 కలిసి 230, సగము 115, అందు 5 తీసివేయగా 110. మిట్ట రెండుప్రక్కల సమానముగా నున్నచో శిఖరము పైకొన తరువాత 110 డిగ్రీలకు రావలెను. మనకు 114 వచ్చినది గనుక కామ్ షాఫ్టు 4 డిగ్రీలు వెనుకబడినది. ఇట్టి తేడాను దిద్దుటకే ప్రక్కకు జరిపి కోసిన కీలు అమ్ముదురు. కామ్ షాఫ్టు సగము వేగమున తిరుగును గనుక 2 డిగ్రీల కీ చాలును. వేసిన పిమ్మట మరల కొలువవలెను. కీ తలక్రిందైనచో తేడా రెండింతలగును. అన్నియు బిగించిన తరువాత, స్టార్టరు వేయకముందు, చేతితో రెండు పూర్తి చుట్లు త్రిప్పిచూడుడు. ఎచ్చటనైన తగిలినట్లున్నచో బలవంతము చేయరాదు.

యంత్రము స్త్రీల పని గాదనువారికి ఒక్క మాట. 1888లో జర్మనీదేశమున బెర్తా బెంజ్ తన యిరువురు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వఱకు మోటారుబండిపై పోయెను. త్రోవలో ఇంధనపు గొట్టము పూడిపోగా టోపీసూదితో తానే శుభ్రపఱచెను.

మెకానిక్కు మాటను త్రోసివేయుడని నా యభిప్రాయము గాదు. అతడు గుర్తులు చూచెను. మీరు డిగ్రీలు చూడుడు. కొలిచిన యంకెలను కాగితముపై వ్రాసి అతని ముందుంచినచో వాదమునకు తావుండదు. ఒక పూట శ్రమకు వెఱచి మూత బిగించినచో, తేడా బయటపడిన నాడు రేడియేటరు మొదలు అన్నియు మరల విప్పవలసివచ్చును. ఆ కూలియు, క్రొత్త గాస్కెట్ల వెలయు ఇంటి పద్దులోనే పడును.

వచ్చు నెల వాల్వుల సందు సరిచేయుటను గూర్చి వ్రాసెదను.