అమ్మే ఇంటికి ఫాల్స్ సీలింగ్ ఎందుకు?

సంక్రాంతికి మునగాల వెళ్తే నాన్న ఒకటే పట్టు. "అమ్మేముందు హాల్లో ఫాల్స్ సీలింగు, వంటింట్లో మాడ్యులర్ కిచెన్ పెట్టిద్దాంరా, రేటు పెరుగుద్ది" అని. నాలుగు లక్షలకి ఎస్టిమేషన్ కూడా రాయించేశారు. అవి అమ్మ వైద్యానికని దాచిన డబ్బులు!

నేను వద్దన్నాను. అమెరికాలో 'రీమోడలింగ్' పత్రిక 2024లో వేసిన లెక్కల్లో, ఇల్లు అమ్మితే అన్నిటికన్నా బాగా గిట్టుబాటైంది గ్యారేజీ తలుపు. ఖరీదైన వంటింటికి పెట్టిందాంట్లో సగం కూడా తిరిగి రాలేదు. అక్కడే అలా ఉంటే ఇక మన దగ్గర చెప్పాలా? ఇక్కడ కొనేవాడు గజం ఎంత, విజయవాడ హైవేకి ఎంత దూరం, కాగితాలు సరిగ్గా ఉన్నాయా అని అడుగుతాడు. వాస్తు కుదర్లేదంటే మన కొత్త కిచెన్‌ని ముందు పగలగొట్టేది వాడే.

మరి ఖర్చు పెట్టాల్సింది వేటికి? నా మటుకు, స్లాబు కారకుండా చూడటం, చెమ్మ గోడలు, బాత్రూం, బోరు మోటారు, ఆఖర్న రంగులు. లింకు డాక్యుమెంట్లు, ఇంటిపన్ను రశీదులు వీటన్నిటికన్నా ముందు. అవి లేకపోతే కొనేవాడికి బ్యాంకు లోను కష్టం.

ఇంకోటి. అదనంగా గది వేస్తే ఆ ఖర్చుని ఆదాయపు పన్నులో మూలధన లాభం లెక్కలోంచి తీసేయొచ్చు, బిల్లులుంటే. మామూలు రిపేర్లకీ రంగులకీ అది వర్తించదు.

నాన్న రెండ్రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే మేస్త్రీని డాబా మీదకి తీసుకెళ్ళి స్లాబు చూపిస్తున్నారు. అమ్మ డబ్బులు చాలావరకూ మిగిలాయి. నాకదే చాలు.