సంపాదకుని మాట: పీటీ పీరియడ్ ఎవరిది?

ఈసారి ముఖచిత్రం కరణం మల్లీశ్వరిది. 2000 సిడ్నీ ఒలింపిక్స్, 69 కిలోల విభాగం. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. ఆఖరి ప్రయత్నంలో స్వర్ణం కోసం ఏకంగా 137.5 కిలోలకు తెగించారు. బరువు నిలవలేదు. పతకం కన్నా నాకు ఆ తెగువే ఎక్కువ నచ్చుతుంది.

2021లో ఈ సిక్కోలు ఆడబిడ్డ ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆటకు డిగ్రీ ఇచ్చే చోట ఆటగత్తెనే కూర్చోబెట్టారు. సబబే.

జిమ్నాస్టిక్స్ చూడండి. హైదరాబాదు అమ్మాయి బుద్దా అరుణారెడ్డి 2018 మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్ కాంస్యం గెలిచింది. హంద్రి ఇసుకలో పిల్లిమొగ్గలు వేసే మన కోడుమూరు పిల్లల ఒళ్లూ తక్కువేం వంగదు. నేర్పే మనిషి కావాలి, అంతే. పరీక్షలు దగ్గరపడగానే పీటీ పీరియడ్‌ను లెక్కల సారుకిచ్చేసే అలవాటు మనదే కదా!

మీ బడిలో ఆట నేర్పిన సారు, మేడమ్ గురించి రాసి పంపండి. వచ్చే సంచికలో వేస్తాం.