ముందు తెరవాల్సింది ఒకటో తరగతి గది

2020 జూన్‌లో తెలంగాణలోని ఏ సర్కారు బడిలోనో ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న పిల్ల ఆ విద్యా సంవత్సరమంతా తరగతి గది గడప తొక్కలేదు. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిదో తరగతి నుంచి పైవాళ్లకు, నెలాఖరులో ఆరు నుంచి ఎనిమిది వాళ్లకు గేట్లు తెరిచారు. చిన్న తరగతుల వంతు రాకుండానే మార్చి 24న మళ్లీ తాళాలు పడ్డాయి. ఆ పిల్ల మొదటిసారి పంతులమ్మ ఎదురుగా కూర్చున్నది సెప్టెంబరు 1 తర్వాతే. అప్పటికి రికార్డుల్లో ఆమెది రెండో తరగతి. 2022లో గ్రామీణ పిల్లల చదువును కొలిచే ‘అసర్’ సర్వే వాళ్లు ఊళ్లకు వెళ్లేసరికి మూడో తరగతి. ఆ ఏడాది తెలంగాణ గ్రామాల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 5.2 శాతం. 2018లో వాళ్లు 18.1 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కు దిగింది. 2018 నాటి అంకెలు చూసి మురిసిపోవాల్సిందేమీ లేదు. ఉన్న ఆ కాస్తా కూడా పోయింది.

కొవిడ్ మహమ్మారి వేళ బడి తెరవడం క్షేమమా కాదా అని అప్పట్లో టీవీ చర్చల్లో గొంతులు చించుకున్నారు. ఆ ప్రశ్నకు అవును, కాదు అనే జవాబులు రెండూ తప్పే. ఏ వయసు పిల్లలు, ఎలాంటి గది, టీచరుకు టీకా పడిందా, ఊళ్లో జబ్బు ఎంత ఉంది అని అడిగితేనే ఏదో ఒకటి తేలుతుంది. మన రెండు ప్రభుత్వాలూ అడిగింది వేరే ప్రశ్న: పబ్లిక్ పరీక్షలు ఎవరికున్నాయి? వాళ్లకు ముందు తెరిచారు, లేనివాళ్లకు చివర తెరిచారు. నా అభ్యంతరం తెరవడం మీదా, మూయడం మీదా కాదు. ఆ వరుస మీద.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరు 2న తొమ్మిది, పది తరగతులతో, ఇంటర్‌తో మొదలుపెట్టారు. ఒకటి నుంచి ఐదు తరగతుల వాళ్లకు పిలుపు వచ్చింది మూడు నెలల తర్వాత, 2021 ఫిబ్రవరి 1న. బడులు తెరిచిన మూడు రోజులకే 262 మంది విద్యార్థులకు, దాదాపు 160 మంది టీచర్లకు పాజిటివ్ అని వార్త వచ్చింది. దేశమంతా ఉలిక్కిపడింది. ఆ రోజుల్లో బడికి వచ్చిన విద్యార్థులు నాలుగు లక్షల మంది, టీచర్లు లక్ష మంది దాకా ఉన్నారు. లెక్క కడితే పిల్లల్లో పదివేలకు ఆరేడుగురు, టీచర్లలో పదహారు మంది. ఇంకో మాట. వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి అప్పట్లో సగటున ఐదు రోజులు పట్టేది. మూడో రోజుకే పరీక్షలో దొరికినవాళ్లలో చాలామందికి అది తరగతి గదిలో అంటే అవకాశం తక్కువ. ఇంటి నుంచి, ఊరి నుంచి తెచ్చుకున్నదే. పాఠశాల విద్యా కమిషనర్ ఆ మాటే చెప్పారు. ఎవరూ చెవిన పెట్టలేదు. 262 అనేది పెద్ద అక్షరాల్లో వేయడానికి వీలైన అంకె. దాని కింద ఉన్న నాలుగు లక్షలు పతాక శీర్షికలో పట్టవు.

అలాగని పిల్లలు వైరస్‌ను మోయరు అన్న వాదన కూడా నిలవదు. దానికి సాక్ష్యం మన దగ్గరి నుంచే వచ్చింది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఆరోగ్య సిబ్బంది కాంటాక్టులను వెతికి రాసిన రికార్డులను రమణన్ లక్ష్మీనారాయణ్ బృందం విశ్లేషించి 2020 సెప్టెంబరు చివర్లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించింది. దాదాపు 85 వేల మంది రోగులు, వాళ్లతో మెలిగిన 5 లక్షల 75 వేల మంది. అప్పటికి ప్రపంచంలో అంత పెద్ద కాంటాక్టుల అధ్యయనం లేదు. జబ్బుపడినవాళ్లలో 71 శాతం మంది నుంచి వాళ్ల కాంటాక్టుల్లో ఒక్కరికీ సోకినట్టు తేలలేదు. కొద్దిమందే ఎక్కువమందికి అంటించారు. పిల్లల నుంచి అదే ఈడు పిల్లలకు బాగానే అంటింది. మరణాల దగ్గరికి వస్తే మాత్రం 5 నుంచి 17 ఏళ్ల వారిలో రోగుల్లో 0.05 శాతం, 85 దాటినవారిలో 16.6 శాతం. ఈ అధ్యయన కాలంలో దాదాపు అన్నాళ్లూ బడులు మూసే ఉన్నాయని గమనించాలి. అంటే బడి లేకపోయినా పిల్లలకు పిల్లల నుంచి సోకుతూనే ఉంది. వీధిలో, పెళ్లిలో, ఇరుగు పొరుగు ఇళ్లలో.

ఇదే సంగతి ఏడాది తర్వాత మరింత కచ్చితంగా బయటపడింది. ఐసీఎంఆర్ 2021 జూన్, జూలైలలో చేసిన నాలుగో సీరో సర్వేలో 6 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో 57.2 శాతం మందికి, 10 నుంచి 17 ఏళ్ల వారిలో 61.6 శాతం మందికి యాంటీబాడీలు కనిపించాయి. ఆ వయసు పిల్లలకు అప్పటికి టీకా లేదు. కాబట్టి అది వైరస్ తగిలి వచ్చిందే. దేశంలో చాలాచోట్ల ప్రాథమిక పాఠశాల ఒక్క రోజు కూడా తెరవకుండానే ఆ వయసు పిల్లల్లో సగానికి పైగా వైరస్ బారిన పడి లేచారు. బడి మూసి పిల్లల్ని కాపాడామని చెప్పుకునేవాళ్లు ముందు ఈ అంకెకు జవాబు చెప్పాలి. చదువు పోగొట్టుకున్నారు, వైరస్సూ తప్పలేదు. అప్పటి ఐసీఎంఆర్ అధిపతి బలరాం భార్గవ ఆ సర్వే ఫలితాలు చెప్పిన రోజే, తెరవదలిస్తే ప్రాథమిక పాఠశాలలతో మొదలుపెట్టడం తెలివైన పని అన్నారు. ముందు టీచర్లకు, సిబ్బందికి టీకాలు పడాలని షరతు పెట్టారు. అప్పటికి పదహారు నెలలు గడిచిపోయాయి. ఆగస్టు 16న ఆంధ్రప్రదేశ్, సెప్టెంబరు 1న తెలంగాణ అన్ని తరగతులనూ ఒకేసారి తెరిచాయి. వరుస అనే ప్రశ్నే మాయమైంది.

గది సంగతికి వద్దాం. జబ్బు గాలిలో వస్తోందని తెలిశాక కూడా మన శ్రద్ధంతా చేతుల మీదా, బెంచీల మీదా ఉండింది. గేటు దగ్గర నుదుటికి తుపాకీలా గురిపెట్టే థర్మామీటరు, అరచేతిలో రెండు చుక్కల శానిటైజరు, సాయంత్రం బ్లీచింగ్. జెరూసలేంలో ఒక ఉన్నత పాఠశాల 2020 మేలో తెరుచుకుంది. తెరిచిన వారంలోనే వడగాలులు వచ్చాయి. ఎండ బాధకు మాస్కుల నిబంధన సడలించి, కిటికీలు మూసి ఏసీలు పెట్టారు. పది రోజులు తిరక్కముందే తొలి కేసులు, చివరికి 153 మంది విద్యార్థులకు, 25 మంది సిబ్బందికి సోకింది. అదే వసంతంలో, ఏప్రిల్ 15 నుంచే, డెన్మార్క్ చిన్న తరగతుల పిల్లల్ని పిలిచింది. చిన్న చిన్న జట్లు కట్టించి, వీలైనంత ఆరుబయట కూర్చోబెట్టింది. అక్కడ అలాంటి పేలుడు జరగలేదు. అమెరికాలో జార్జియా రాష్ట్ర ప్రాథమిక పాఠశాలలను పోల్చి చూసినప్పుడు, టీచర్లూ సిబ్బందీ మాస్కు తప్పనిసరిగా పెట్టుకున్నచోట కేసులు 37 శాతం, గాలి బాగా ఆడేట్టు చేసినచోట 39 శాతం తక్కువగా ఉన్నాయి.

ఈ కొలత పట్టుకుని మన గదులు చూస్తే పేదబడికి మొదటిసారి మంచి మార్కులు పడతాయి. ఊరి ప్రాథమిక పాఠశాలలో ఎదురెదురుగా కిటికీలుంటాయి, వాటికి అద్దాలుండవు, ఇనుప ఊచలే. తలుపు రోజంతా బార్లా. వరండా ఉంటుంది, చాలాచోట్ల ఒక వేపచెట్టో కానుగచెట్టో ఉంటుంది. పిల్లలు ఇరవై, ముప్ఫై మంది. పట్నంలో అపార్టుమెంటులాంటి భవనం మూడో అంతస్తులో నడిచే ఇంటర్ కాలేజీ సెక్షన్ చూడండి. కదలని అద్దాల కిటికీ, గోడకు స్ప్లిట్ ఏసీ, బెంచీకి నలుగురు చొప్పున అరవై మంది, పొద్దున్నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా అదే గాలి. గదిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే చిన్న మీటరు పెడితే, బయట నాలుగు వందల చిల్లర చూపించేది అక్కడ వెయ్యి దాటి ఎక్కడికి పోతుందో తెలుస్తుంది. ఒకరు వదిలిన ఊపిరి ఇంకొకరు ఎంత పీలుస్తున్నారో చెప్పే అంకె అది. మనం ముందు తెరిచింది ఆ ఏసీ గదిని. చివర తెరిచింది చెట్టున్న బడిని.

ఊరి బడిలో ప్రమాదం లేదని కాదు. అది ఉన్నచోటు వేరు. ఒంటిగంట దగ్గర్లో అన్నం గంట కొట్టగానే కంచాలు పట్టుకుని పిల్లలంతా ఒకే కుళాయి దగ్గర మూగేవారు. మాస్కు గడ్డం కిందికి, ఆపైన జేబులోకి పోయేది. వరండాలో మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని, అరుచుకుంటూ తినేవారు. పొద్దున్నుంచి పాటించిన ఆరడుగుల దూరం ఆ అరగంటలో ఆవిరయ్యేది. దానికి మందు బడి మూయడం కాదు. రెండు బంతులుగా, చెట్టు కింద పెట్టడం. బడులు మూసిన రోజుల్లో బియ్యం, గుడ్లు ఇంటికి పంపినా, ఆ గుడ్డు ఆ పిల్లకే దక్కిందా అని ఎవరు చూడొచ్చారు?

గురుకులాల లెక్క వేరు. అక్కడ పిల్లలు గదిలో ఆరు గంటలు కాదు, డార్మిటరీలో, మెస్సులో, స్నానాల గదుల్లో ఇరవై నాలుగ్గంటలూ కలిసి ఉంటారు. 2021 నవంబరు చివర్లో సంగారెడ్డి జిల్లా ముత్తంగి గురుకులంలో నలభై మందికి పైగా విద్యార్థినులకు పాజిటివ్ వచ్చింది. అంతకు మూడు నెలల ముందే తెలంగాణ హైకోర్టు మిగతా బడులు తెరవొచ్చని, గురుకులాలు, హాస్టళ్లు మాత్రం అప్పుడే వద్దని, ప్రత్యక్ష తరగతులకు రమ్మని ఎవరినీ బలవంతపెట్టొద్దని ఆదేశించింది. కోర్టు ఆ రోజు పగటి బడినీ రాత్రి బసనూ విడదీసి చూసింది. ప్రభుత్వ ఉత్తర్వుల్లో అలాంటి విభజన ముందే ఉండాల్సింది.

ఈ చర్చలో నిజంగా ప్రాణభయం ఉన్నది టీచరుకు. స్వీడన్‌లో చిన్న తరగతుల బడులు తెరిచి ఉంచి పెద్ద తరగతుల్ని ఆన్‌లైన్‌కు మార్చినప్పుడు, బడికి వెళ్లిన టీచర్లకు ఇంటి నుంచి చెప్పినవాళ్ల కంటే రెట్టింపు సోకింది. మన దగ్గర 2021 ఏప్రిల్ నుంచి 45 ఏళ్లు దాటినవారికి టీకా వేశారు. టీచర్లను విడిగా ముందువరుసలో నిలబెట్టలేదు. కేంద్రం సెప్టెంబరు 5లోగా టీచర్లందరికీ వేయాలంటూ రాష్ట్రాలకు రెండు కోట్ల అదనపు డోసులు కేటాయించింది ఆగస్టు చివర్లో. బడి తెరవాలన్న ఆత్రం నిజమైతే ఆ పని ఏప్రిల్‌లోనే జరగాలి. అయినా మిగతా డ్యూటీలకు టీచరు ప్రాణం ఎప్పుడూ అడ్డు రాలేదు. 2020 మేలో విశాఖ జిల్లాలో కొందరు టీచర్లను మద్యం దుకాణాల దగ్గర క్యూలు సర్దడానికి పంపారు. ఉత్తరప్రదేశ్‌లో పంచాయతీ ఎన్నికల డ్యూటీ తర్వాత 1,621 మంది చనిపోయారని ప్రాథమిక ఉపాధ్యాయుల సంఘం జాబితా ఇస్తే, ప్రభుత్వం ముందు ముగ్గురే అంది.

2021 ఏప్రిల్, మే నెలల్లో బడులు నడపాల్సిందని నేను అనను. ఆక్సిజన్ సిలిండర్ కోసం జనం రోడ్ల మీద పరుగెత్తుతున్నప్పుడు ఏ గదీ క్షేమం కాదు. వచ్చేసారి వచ్చేది ఇలాంటి జబ్బే కానక్కర్లేదు కూడా. ఫ్లూ అయితే పిల్లలే దాన్ని ఎక్కువగా వ్యాపింపజేస్తారు, అప్పుడు చిన్న తరగతులు ముందు అన్న వాదన తిరగబడొచ్చు. 2023 సెప్టెంబరులో నిపా వచ్చినప్పుడు కోజికోడ్ జిల్లాలో బడులు మూశారు. సోకినవారిలో ఎక్కువమందిని చంపే జబ్బుకు అది సబబే. కానీ 1918 ఫ్లూలో కూడా న్యూయార్క్ నగరం బడులు తెరిచే ఉంచింది. ఇరుకు వాటాల్లో మగ్గే పిల్లలకు రోజూ నర్సు కంటపడే బడే మేలని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క. బడి అంటే జబ్బు అంటుకునే చోటు అని మాత్రమే మనకు తోచింది. జబ్బు పసిగట్టే చోటు కూడా కాగలదని వాళ్లకు తోచింది.

ఒమిక్రాన్ నాటికి మనం ఏం నేర్చుకున్నామో 2022 జనవరి చూపించింది. సంక్రాంతి సెలవులు అయ్యాక ఆంధ్రప్రదేశ్ 17న బడులు తెరిచింది. తెలంగాణ 30 దాకా పొడిగించింది. అదే వైరస్, అవే వారాలు, నడుమ ఒక సరిహద్దు. రెండుచోట్లా అల జనవరి చివరి పదిరోజుల్లో శిఖరానికి చేరి ఫిబ్రవరిలో దిగిపోయింది. తెలంగాణలో ఆ రెండు వారాలూ సినిమా హాళ్లు నడిచాయి, బార్లు నడిచాయి.

మహారాష్ట్ర 2021 జూలైలో ఇంకో దారి పట్టింది. నెల రోజులుగా కేసు లేని ఊళ్లో, తల్లిదండ్రులతో మాట్లాడి గ్రామ పంచాయతీ తీర్మానిస్తే, సర్పంచి అధ్యక్షతన కమిటీ వేసుకుని బడి తెరుచుకోవచ్చంది. అక్కడా ఎనిమిది నుంచి పన్నెండు తరగతులకే, ఆ వరుస జబ్బు వాళ్లనూ వదల్లేదు. అయినా నిర్ణయం ఊరికి దిగింది. మన రెండు రాష్ట్రాల్లో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి జ్వర సర్వేలు చేశారు. ఏ ఊళ్లో ఎన్ని ఇళ్లలో జ్వరం ఉందో వాళ్ల పుస్తకంలో ఉండేది. ఆ లెక్క పీహెచ్‌సీకి, జిల్లాకి, రాజధానికి వెళ్లేది. బడి తాళం మాత్రం ఆదిలాబాద్ గూడేనికీ హైదరాబాద్ అమీర్‌పేటకూ ఒకే తేదీన తీసేవాళ్లు, ఒకే తేదీన వేసేవాళ్లు. ఆ నిర్ణయాన్ని హెడ్‌మాస్టరుకు, సర్పంచికి, పీహెచ్‌సీ డాక్టరుకు కలిపి అప్పగించడానికి జీవో ఒకటి చాలు. మహారాష్ట్ర చేసిందీ జీవోతోనే.