చెక్కపని పత్రిక ఏది తెప్పిద్దాం?



పోయిన నెల మీటింగులో చిన్న విషయం పెద్ద వాదన అయింది. మన లైబ్రరీ గదికి చెక్కపని నేర్పే పత్రిక ఒకటి తెప్పించమని కొందరు కుర్రవాళ్ళు, ఇద్దరు ముగ్గురు రిటైరైన పెద్దలు అడిగారు. వృత్తి కోసం కాదు, సరదాకి. వెంటనే ఒక పెద్దాయన, "ఏమప్పా, పుస్తకం చూసి ఉలి పట్టేది వస్తుందా?" అన్నారు. ఇంకొకరు, "మా నాయన జన్మంతా రంపం లాగి మమ్మల్ని చదివించినాడు. ఆ పనిలోంచి బయటపడేదానికే కదా చదివించింది? మళ్ళీ సరదాకి రంపమా?" అన్నారు. ఆ రెండో మాటకు అక్కడ మాలో ఎవరికీ జవాబు రాలేదు. లైబ్రరీ చూసుకునే మేం నలుగురం ఇంటికొచ్చి మాట్లాడుకుని ఇది రాస్తున్నాం.

ముందు ఆ మాటకే జవాబు. కూలి కోసం తప్పక చేసిన కష్టాన్ని సరదా అని పిలిస్తే ఆ నాయనకు అవమానమే. ఒప్పుకుంటున్నాం. కానీ మూడు ఆదివారాలు కూర్చుని ఒక పీట కూడా సరిగ్గా చేయలేకపోయిన పిల్లవాడు, రేపు ఇంటి తలుపు చేయించేటప్పుడు మేస్త్రి చెప్పిన కూలికి బేరమాడడు. ఎందుకు అంత అడుగుతున్నాడో వాడి చేతికి తెలిసి ఉంటుంది. రెడీమేడ్ తలుపులు, ప్లైవుడ్ బీరువాలు వచ్చాక మన చుట్టుపక్కల మేస్త్రులకు కరువైంది పని ఒక్కటే కాదు, పని విలువ తెలిసిన గిరాకీ కూడా. పత్రిక వద్దనే ముందు ఇది ఆలోచించండి.

ఇక ఏ పత్రిక? చెక్కపని సరదాగా నేర్చుకునేవాళ్ళ కోసం తెలుగులోగానీ తమిళంలోగానీ నడుస్తున్న పత్రిక మా కంట పడలేదు. మనకు కనబడేవన్నీ ఇంగ్లీషువే. ఇంగ్లాండులో 'ది వుడ్‌వర్కర్' 1901లోనే మొదలైంది. అమెరికాలో 1975లో 'ఫైన్ వుడ్‌వర్కింగ్', 1979లో 'వుడ్‌స్మిత్', 1984లో 'వుడ్' వచ్చాయి. 2016లో 'మోర్టీస్ అండ్ టెనన్' అని ఒకటి వచ్చింది. అది పూర్తిగా చేతి పనిముట్ల మీద నడిచేది. ఒక్కోదాని తీరు ఒక్కోటి. 'ఫైన్ వుడ్‌వర్కింగ్' చేయి తిరిగినవాళ్ళ పని చూపిస్తుంది, చూస్తే కళ్ళు చెదురుతాయి. 'వుడ్‌స్మిత్' మెట్టు మెట్టుగా బొమ్మలు గీసి, కొలతలు వేసి చెబుతుంది.

అట్ట మీద ఫోటో చూసి ఎంచుకుంటే మోసపోతాం. మేమే మోసపోయాం. ఎవరో ఇచ్చిన పాత సంచిక చూసి నిరుడు ఒక స్టూలు చేశాం. కొలతలు అచ్చంగా అవే. పెరట్లో కొట్టిన వేపకర్ర వాడాం. రెండు నెలలకే పైపలక నెర్రె విచ్చింది, స్టూలు ఊగింది. పత్రికను తిట్టుకుంటూ తెలిసిన మేస్త్రి దగ్గరికి తీసుకుపోతే, ఆయన చేత్తో తడిమి, "పచ్చికర్ర కదప్పా ఇది" అన్నారు. తిరిగి చూస్తే, ఆరిన కర్రే వాడాలని ఆ పత్రికలో మొదటి పేజీలోనే ఉంది. మేం దాటేసి చదివాం.

ఆ దెబ్బతో నేర్చుకున్నవే పత్రికకు పెట్టాల్సిన పరీక్షలు.

మొదటిది, కర్ర గుణం చెబుతుందా? వానాకాలం చెమ్మకు కర్ర వెడల్పులో ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుంటుంది. పొడవులో మాత్రం దాదాపు కదలదు. అందుకే మన పాత ఇళ్ళ తలుపుల్లో చట్రం గట్టిగా బిగించి, నడుమ పలకను గాడిలో వదులుగా దించారు. జిగురు పెట్టి బిగిస్తే పగిలేది. ఇది చెప్పే పత్రిక మనకు పనికొస్తుంది. అందులో ఓక్, చెర్రీ, వాల్‌నట్ అని రాసినా సరే, మనం పనస, వేప, మామిడి, టేకు అని చదువుకుంటాం.

రెండోది, ఏ పనిముట్లు అడుగుతుంది? పేజీ తిప్పితే టేబుల్ సా, పేజీ తిప్పితే ప్లేనర్ అయితే అది మన కోసం కాదు. అమెరికా మెషిన్లు 120 వోల్టులవి, మన ఇంట్లో 230. ఆ ప్రకటనలకు మనమెందుకు డబ్బు కట్టాలి? రంపం, చిత్రిక, రెండు ఉలులు, మూలమట్టం, సానరాయి, వీటితో అయ్యే పని నెలకు ఒకటైనా ఉండాలి. ఉలిని 25 డిగ్రీల వాలులో ఎలా సాన పట్టాలో చూపించని పత్రిక ఎన్ని రంగుల్లో ఉన్నా వృథా.

మూడోది, కొలతలు. ఇక్కడ అమెరికా పత్రికలే మనకు దగ్గర. మన మేస్త్రులు ఇప్పటికీ అంగుళాల్లోనే మాట్లాడతారు. ఒక్క జాగ్రత్త: అక్కడ 'వన్ బై ఫోర్' అని అమ్మే పలక నిజంగా ఒక అంగుళం, నాలుగు అంగుళాలు ఉండదు. ముప్పావు అంగుళం మందం, మూడున్నర వెడల్పు ఉంటుంది. వాళ్ళు కర్రను బోర్డ్ ఫుట్ లెక్కన కొంటారు, మన డిపోలో ఘనపుటడుగు లెక్క. పన్నెండు బోర్డ్ ఫుట్లు ఒక ఘనపుటడుగు. ఈ లెక్క గోడ మీద రాసిపెడితే చాలు.

"యూట్యూబు ఉండగా పత్రిక ఎందుకు?" అని కుర్రవాళ్ళే కొందరు అడిగారు. చేయి ఎలా కదలాలో వీడియో బాగా చూపిస్తుంది, నిజమే. కానీ కొలత వేసుకునేటప్పుడు వీడియో ఆగదు. దుమ్ము చేతులతో పదిసార్లు వెనక్కి తిప్పుకోవాలి. గీసిన బొమ్మ మాత్రం పలక పక్కనే పడి ఉంటుంది.

ఏ పత్రికలోనూ దొరకనిది ఒకటుంది. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసేది అంకుడు కర్రతో. మనకు దగ్గర్లోని చన్నపట్న బొమ్మలదీ అదే చెట్టు, కన్నడంలో దాన్ని ఆలెమర అంటారు. తమిళంలో వెట్పాలై. ఒకే చెట్టుకు మూడు పేర్లు, అమెరికా పత్రికలో ఒక్కటీ ఉండదు. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు. ఉలి అంటే తెలిసినవాళ్ళున్నారు, చిత్రిక అంటే మొహం చూస్తారు, బాడిసె అంటే అసలే తెలియదు. పనిముట్టు చేతిలోకి రాకపోతే దాని పేరు నోట్లో నిలవదు.

అందుకే మా అభిప్రాయం ఇది. కాగితం ప్రతికి తపాలా ఖర్చు మన సంఘం భరించలేదు. కంప్యూటర్లో చదివే చందా తీసుకుందాం, ఒక్క ఏడాదికే. మా ఓటు 'వుడ్‌స్మిత్'కు, ఎందుకంటే మొదట కావాల్సింది మెట్టు మెట్టుగా చెప్పే బొమ్మ. 'ఫైన్ వుడ్‌వర్కింగ్' చేయి కుదిరాక చూద్దాం. సంచికకు ఒక వస్తువు చేసి తీరాలి. ఏడాదిలో మూడైనా కాకపోతే చందా ఆపేద్దాం, మేమే ఆపమని చెబుతాం. నెలకొక ఆదివారం ఒక మేస్త్రిని పిలుద్దాం, ఉచితంగా కాదు, ఆయన రోజుకూలి ఇచ్చి. పక్కన ఒక నోటుబుక్కు పెట్టి, ప్రతి పనిముట్టు పేరు తెలుగు లిపిలో, తమిళ లిపిలో రాయిద్దాం. ఇంకా ఆసక్తి ఉన్నవాళ్ళకు బెంగళూరు మల్లేశ్వరంలో కేంద్ర ప్రభుత్వ ఊడ్ సైన్స్ సంస్థ ఉంది, అక్కడ చెక్కపని శిక్షణ కేంద్రం కూడా ఉంది. మన స్టేషన్లో రైలెక్కితే బెంగళూరు దూరమేమీ కాదు.

వద్దనేవాళ్ళు కింద రాయండి, జవాబిస్తాం. రంపం లాగిన నాయన సంగతి చెప్పిన అన్నకు ఒక్క విన్నపం. ఆయన ఉలి ఇంకా అటక మీద ఉంటే, వచ్చే మీటింగుకు తీసుకురండి. ముందు దాన్నే సాన పడదాం.