చెవిలో గాలి హోరు - మోటారు సైకిల్ మీద తిరిగేవారికి

"మందుల కంపెనీ ప్రతినిధిగా 11 సంవత్సరాలుగా పనిచేస్తున్నాను. వారంలో ఐదు రోజులు మోటారు సైకిల్ మీద తిరుగుడే. రోజుకు 150 కిలోమీటర్లకు తగ్గదు. రాత్రి పడుకుంటే చెవుల్లో కీచురాయి అరుస్తున్నట్లుంటుంది. మా అమ్మాయి ఏదైనా చెబితే రెండోసారి అడగవలసి వస్తున్నది. చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోమని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. పెట్టుకుంటే వెనుక వచ్చే లారీ హారన్ వినబడదని, ప్రాణానికే ముప్పని మా ఆవిడ భయపడుతోంది. ఎవరి మాట వినమంటారు?" - ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా.

ఈ ఉత్తరం రాసిన పాఠకుని వయస్సు 36 సంవత్సరాలు. ఆ వయస్సులో చెవులు మొరాయించడం మామూలు విషయం కాదు. ఆయన స్నేహితుడు చెప్పినది నిజమే. భార్య భయంలోనూ అర్థం ఉంది. రెండింటికీ పొసగే మార్గం కూడా ఉంది. ఇది చాలామందికి పనికివచ్చే సంగతి కనుక కాస్త వివరంగా చెప్పుకుందాం.

మోత ఎక్కడిది?

మోటారు సైకిల్ మోత అనగానే మనకు ఇంజను, సైలెన్సరు గుర్తుకు వస్తాయి. ఊళ్ళో తిరిగేటప్పుడు అది నిజమే. బండి వేగం గంటకు 60, 65 కిలోమీటర్లు దాటిందంటే మాత్రం గాలి మోత ఇంజను మోతను మింగేస్తుంది. హెల్మెటును ఒరుసుకుంటూ పోయే గాలి సుడులు తిరుగుతుంది. గడ్డం కింద, మెడ దగ్గర ఉండే ఖాళీలోంచి ఆ హోరు లోపలికి చొరబడుతుంది.

బ్రిటన్‌లో 1990 ప్రాంతాల్లో వైద్యులు హెల్మెటు లోపల, చెవి దగ్గర, చిన్న మైకు అమర్చి ఈ మోతను కొలిచారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అది సుమారు 90 డెసిబెళ్ళు. 160 కిలోమీటర్ల వేగంలో 110 డెసిబెళ్ళు. ఈ లెక్కన మన రహదారుల మీద 80 కిలోమీటర్ల వేగంతో పోయే మనిషి చెవికి సుమారు 95, వంద కిలోమీటర్ల వేగంతో పోయే మనిషి చెవికి సుమారు 100 డెసిబెళ్ళ మోత తగులుతుంది. బండిని బట్టి, హెల్మెటును బట్టి, మనిషి ఎత్తును బట్టి ఈ అంకెలు కొంత మారుతాయి.

ఇద్దరు మనుషులు నింపాదిగా మాట్లాడుకుంటే వచ్చే ధ్వని 60 డెసిబెళ్ళు. 60కీ 95కీ పెద్ద తేడా ఏముందని అనుకోవద్దు. డెసిబెళ్ళ లెక్క మామూలు కూడికల లెక్క కాదు. 3 డెసిబెళ్ళు పెరిగితే చెవి మీద పడే ధ్వని శక్తి రెట్టింపవుతుంది. అందువల్ల చెవి భరించగల సమయం సగానికి తగ్గుతుంది. 85 డెసిబెళ్ళ మోతను రోజుకు 8 గంటలు భరించవచ్చు. 88 అయితే 4 గంటలు. 91 అయితే 2 గంటలు. 94 అయితే ఒక్క గంట. 100 డెసిబెళ్ళయితే 15 నిమిషాలే. మన ఫ్యాక్టరీల నిబంధనలు 90 డెసిబెళ్ళ దగ్గర 8 గంటల వరకు అనుమతిస్తున్నా, 85ను హద్దుగా పెట్టుకోవడమే క్షేమం.

ఇప్పుడు లెక్క మీరే వేసుకోండి. హైదరాబాదు నుంచి విజయవాడకు సుమారు 275 కిలోమీటర్లు. 80 కిలోమీటర్ల వేగంతో పోతే మూడున్నర గంటల ప్రయాణం. ఆ ఒక్క ప్రయాణంలోనే చెవికి నాలుగు రోజుల 'కోటా' ఖర్చయిపోతుంది. ఏడాదికి ఒకసారి సంక్రాంతికి అలా వెళ్ళేవారికి భయం లేదు. ఉద్యోగరీత్యా రోజూ ఒక ఊరి నుంచి మరొక ఊరికి తిరిగేవారే జాగ్రత్త పడాలి.

లోపల జరిగేదేమిటి?

కర్ణభేరికి అవతల, ఎముకలో, నత్తగుల్ల ఆకారంలో ఒక చిన్న అవయవం ఉంటుంది. అందులో సుమారు 15 వేల రోమకణాలు ఉంటాయి. ధ్వని తరంగాలకు ఇవి, గాలికి వరిచేను ఊగినట్లు, ఊగుతాయి. ఆ ఊపునే నరం మెదడుకు చేరవేస్తుంది. పెనుగాలికి పడిపోయిన చేను కొంత తిరిగి లేచినట్లే, ఒకనాటి మోతకు అలసిన కణాలు ఒక రాత్రి విశ్రాంతితో కోలుకుంటాయి. ప్రయాణం చేసి వచ్చినప్పుడు చెవులు దిబ్బడ వేసి మరునాటికి తేరుకోవడం ఇదే. రోజూ అదే దెబ్బ తగులుతుంటే కణాలు చచ్చిపోతాయి. చర్మం మీద గాయం మానినట్లు ఇవి మళ్ళీ పుట్టవు. ఏ మాత్రా, ఏ చుక్కల మందూ, ఏ తైలమూ వాటిని తిరిగి పుట్టించలేవు.

ముందుగా దెబ్బ తినేవి సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులను అందుకునే కణాలు. అందువల్ల మాట 'వినబడుతుంది' గాని 'తెలియదు'. స, శ, త, చ వంటి అక్షరాలు జారిపోతాయి. లారీ మోత బాగానే వినబడుతుంది గాని, చిన్నపిల్లల మాట, ఆడవారి మాట స్పష్టంగా అందదు. ఉత్తరం రాసిన పాఠకునికి కూతురి మాట అందకపోవడానికి కారణం ఇదే కావచ్చు.

హెల్మెటు సరిపోదా?

హెల్మెటు తలను కాపాడటానికి పుట్టింది, చెవిని కాపాడటానికి కాదు. గాలి హోరులో ఎక్కువ భాగం బొంగురు ధ్వని. అటువంటి ధ్వనిని హెల్మెటు ఆపలేదు. అలాగని హెల్మెటు తీసేస్తే హాయిగా ఉంటుందని అనుకోవడం ప్రమాదకరమైన అపోహ. తల బోడిగా ఉంటే గాలి నేరుగా చెవిలోకే కొడుతుంది, మోత తగ్గదు. పైగా పడితే తల పగులుతుంది. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న హెల్మెటు, తలకు బిగువుగా పట్టేది, తప్పనిసరి. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్ల అమ్మకమే నిషిద్ధం.

హారన్ వినబడదేమోనన్న భయం

పిండిమర దగ్గర ఇద్దరు మాట్లాడుకోవడం మీరు చూసే ఉంటారు. అక్కడ మాట వినబడకపోవడానికి కారణం మాట చిన్నదవడం కాదు, మర మోత పెద్దదవడం. ప్లగ్గు పెట్టుకుంటే గాలి హోరూ తగ్గుతుంది, హారనూ తగ్గుతుంది. రెండింటి మధ్య తేడా మాత్రం అలాగే ఉంటుంది. ఎర్రటి ఎండలో చలువ కళ్ళద్దాలు పెట్టుకుంటే వెలుతురు తగ్గినా ఎదుటి బండి కనబడకుండా పోదు గదా! ఇదీ అంతే. విపరీతమైన మోతలో చెవి ధ్వనులను కలగాపులగం చేసుకుంటుంది కనుక, వినికిడి సరిగా ఉన్న మనిషికి రహదారి మీద ప్లగ్గు పెట్టుకుంటే హారను ఒక్కొక్కసారి ఇంకా స్పష్టంగా కూడా తెలుస్తుంది.

అయితే రెండు మినహాయింపులు. ఊళ్ళో, 30, 40 కిలోమీటర్ల వేగంలో, గాలి మోత తక్కువ. అక్కడ ప్లగ్గు అవసరం లేదు. సందుల్లో సైకిలు గంట, వెనుక ఆటో, పిల్లల కేక వినబడి తీరాలి. ఇక రెండవది, ఇప్పటికే వినికిడి బాగా తగ్గినవారికి ప్లగ్గుతో హారను అందకపోవచ్చు. వారు పరీక్ష చేయించుకోకుండా పెట్టుకోరాదు. ప్లగ్గు ఉన్నా లేకపోయినా రెండు అద్దాలూ సరిచేసుకుని, మలుపు తిరిగేముందు తల తిప్పి చూడటం మరవకూడదు.

ఏవి కొనాలి?

దూది పనికిరాదు. చెవిలో దూది పెట్టుకుంటే నిశ్చింత కలుగుతుందే గాని మోత దాదాపు తగ్గదు.

మెత్తని నురగ ప్లగ్గులు మందుల షాపుల్లో, ఫ్యాక్టరీ సామాన్లు అమ్మే షాపుల్లో కొద్ది రూపాయలకే దొరుకుతాయి. సరిగా పెట్టుకుంటే ఇవే అన్నిటికన్నా బాగా పనిచేస్తాయి. మురికి పట్టగానే పారవేయాలి.

రబ్బరు లేక సిలికాన్ ప్లగ్గులను కడుక్కుని మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. పెట్టుకోవడం తేలిక. రోజుకు నాలుగుసార్లు దిగి ఎక్కే ఉద్యోగులకు ఇవి అనువు. కొన్నిటిలో చిన్న జల్లెడ ఉండి, మోతను తగ్గిస్తూనే మాటను కొంత లోపలికి రానిస్తాయి.

చెవి అచ్చు తీసి చేయించేవి ఖరీదైనవి. గంటల తరబడి నిత్యం బండి మీద ఉండేవారికి సుఖంగా ఉంటాయి.

పాటలు వినే ఇయర్ ఫోన్లు, మోతను 'రద్దు చేస్తాయి' అనేవైనా సరే, రక్షణ సాధనాలు కావు. హోరు మీద పాట వినబడాలని శబ్దం పెంచుతారు. అప్పుడు ఒక దెబ్బకు రెండో దెబ్బ తోడవుతుంది. మనసు కూడా రోడ్డు మీద ఉండదు.

ప్లగ్గు పొట్లం మీద ఎన్.ఆర్.ఆర్. అని ఒక అంకె ఉంటుంది. అది ప్రయోగశాలలో తేలిన అంకె. మన చేతిలో అందులో సగం ఫలితం వస్తుందని లెక్క వేసుకోండి. 32 అని ఉంటే 16 అనుకోవాలి. 95 డెసిబెళ్ళ హోరు 79కి దిగుతుంది. మనకు కావలసినది 75కూ 80కీ మధ్య. ఇంకా అంతకన్నా తగ్గించి చెవిని పూర్తిగా మూసివేయవలసిన అవసరం లేదు.

పెట్టుకునే పద్ధతి

ముందు చేతులు కడుక్కోవాలి. నురగ ప్లగ్గును వేళ్ళ మధ్య వత్తివలె సన్నగా నలపాలి. కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చేతిని తల వెనుక నుంచి తెచ్చి చెవి పై అంచును పైకి, వెనక్కు లాగాలి. అప్పుడు చెవి దారి తిన్నగా అవుతుంది. ప్లగ్గును దూర్చి, అది ఉబ్బి నిండేదాకా 30 సెకన్లు వేలితో అదిమి ఉంచాలి. తరువాత అరచేతులతో రెండు చెవులనూ మూసి చూడండి. మోత పెద్దగా తేడా లేకపోతే ప్లగ్గు సరిగా కూర్చున్నట్లు. ఇంకా బాగా తగ్గితే తీసి మళ్ళీ పెట్టుకోవాలి. ప్లగ్గు బయటికి పొడుచుకు వస్తే హెల్మెటు ఒత్తుకుని నొప్పి పుడుతుంది. తీసేటప్పుడు ఒక్క లాగు లాగవద్దు. కర్ణభేరి మీద ఒత్తిడి పడుతుంది. మెల్లగా తిప్పుతూ తీయాలి.

ఎవరు పెట్టుకోకూడదు?

చెవి కారేవారు, కర్ణభేరికి రంధ్రం ఉన్నవారు, చెవిలో దురద, నొప్పి, బూజు ఉన్నవారు డాక్టరుకు చూపించుకున్న తరువాతే వాడాలి. మన ఉక్కకు, చెమటకు చెవిలో బూజు తేలికగా పడుతుంది. మధుమేహం ఉన్నవారు చెవి శుభ్రత విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. గులిమి గట్టిపడి ఉంటే ప్లగ్గు దానిని ఇంకా లోపలికి నెడుతుంది. దానిని పిన్నీసులతో, అగ్గిపుల్లలతో కెలకవద్దు. కాచిన నూనెలు పోయవద్దు. ఆసుపత్రిలో తీయించుకోవాలి.

ఖర్చు లేని ఉపాయాలు

వేగం 100 నుంచి 80కి తగ్గిస్తే మోత సుమారు 5 డెసిబెళ్ళు తగ్గుతుంది. చెవి భరించగల సమయం మూడింతలవుతుంది. ప్రాణానికీ అదే మేలు. హెల్మెటు కింద ఖాళీని మెత్తని మెడపట్టీతో మూస్తే హోరు కొంత తగ్గుతుంది. కండువా, చున్నీ అయితే కొసలు గాలికి ఎగిరి చక్రంలో చుట్టుకోకుండా లోపలికి దోపుకోవాలి. బండికి ముందు అద్దం బిగించిన తరువాత మోత పెరిగితే, దాని అంచు నుంచి వచ్చే సుడిగాలి హెల్మెటుకు తగులుతున్నదన్నమాట. ఎత్తు మార్చి చూడండి. గంటకోసారి బండి ఆపి పది నిమిషాలు నీడన కూర్చుంటే చెవికీ నడుముకూ కూడా విశ్రాంతి.

ఉత్తరం రాసిన పాఠకునికి

ముందు చెవి, ముక్కు, గొంతు నిపుణునికి చూపించుకుని వినికిడి పరీక్ష చేయించుకోండి. హైదరాబాదు కోఠిలోనూ, విశాఖపట్నంలోనూ దీనికే ప్రత్యేకమైన ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఈ విభాగం ఉంటుంది. పరీక్షకు ముందు రోజు సాయంత్రం నుంచి బండి ప్రయాణం మానండి. లేకపోతే తాత్కాలికమైన దిబ్బడ కూడా లెక్కలో చేరుతుంది. చెవిలో హోరుకు వేరే కారణాలూ ఉంటాయి కనుక గాలి మీదే నెపం వేసి ఊరుకోవద్దు. పోయిన వినికిడిని తిరిగి ఇవ్వలేము గాని, మిగిలినదానిని నిలుపుకోవచ్చు. అవసరమైతే వినికిడి యంత్రం పెట్టుకోవడానికి సిగ్గుపడవద్దు. పరీక్షలో వినికిడి ఫరవాలేదని తేలితే రహదారి మీద ప్లగ్గు పెట్టుకోండి, ఊరి పొలిమేరలో తీసి జేబులో వేసుకోండి. ఇంటావిడ భయమూ తీరుతుంది.

ఎవరికైనా సరే, ఒక చెవి ఉన్నట్టుండి వినబడకుండా పోతే అది అత్యవసర పరిస్థితి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మొదటి కొద్ది రోజుల్లో వైద్యం మొదలుపెడితే వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఉంది.

చివరగా ఇంట్లోవారికి ఒక మాట. వినికిడి తగ్గుతున్నదని ముందుగా తెలిసేది ఆ మనిషికి కాదు, ఇంట్లోవారికి. టీవీ శబ్దం రోజురోజుకు పెంచుతున్నా, పిలిస్తే పలకకపోయినా, మీరు ఒకటి అడిగితే ఆయన మరొకటి చెబుతున్నా, పరధ్యానమనో నిర్లక్ష్యమనో కోపగించుకోవద్దు. చెవి పరీక్ష చేయించండి.