చెక్కు పెన్‌డ్రైవులో, సొమ్ము కీబోర్డులో

ఈ శీర్షికలో మనం మామూలుగా నామినేషన్లు, వీలునామాలు, పింఛను కాగితాల గురించి ముచ్చటించుకుంటాం. ఈసారి సంగీతం గురించి రాస్తున్నాను. "బి.కాం. చదివి బ్యాంకులో సంతకాలు పెట్టే మనిషికి సరిగమలెందుకు?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, ఫరవాలేదు. ఇది కూడా చివరికి ఆస్తిని కాపాడుకునే సంగతే.

హార్న్‌బీ వెలార్డ్ కట్ట పడి సముద్రపు నీరు ఆగాక, 1795 నుంచి నిజాం రాజ్యపు కూలీలు వచ్చి స్థిరపడిన చోటు కామాఠీపుర. ఆ పేరే మనవాళ్లది. అక్కడి గల్లీల్లోనూ, వర్లీ, లోయర్ పరేల్ వైపు చాళ్లలోనూ పండుగంటే వాద్యం ఉండి తీరాలి. గణపతి ఊరేగింపుకు బ్యాంజో పార్టీ, బతుకమ్మకు ఆడవాళ్ల చప్పట్లు. వాటికి తోడుగా తరువాత కీబోర్డూ, ఆక్టోపాడూ వచ్చి చేరాయి. ఇప్పుడు చాళ్ల రూపం మారుతోంది. వర్లీ బి.డి.డి. చాళ్లలో 2025 ఆగస్టులో మొదటి విడతగా 556 కుటుంబాలకు కొత్త ఇళ్ల తాళాలు ఇచ్చారు. కామాఠీపుర పునర్నిర్మాణానికీ మ్హాడా నడుం కట్టింది. ఖోలీ ఖాళీ చేసేటప్పుడు అటక మీది సామాను కిందికి దిగుతుంది. పాత కీబోర్డు ఎవరికో ఒకరికి బేరం అయిపోతుంది.

మాకు తెలిసిన ఒక చాల్‌లో అదే జరగబోయింది. చాలా ఏళ్లు బతుకమ్మకు కీబోర్డు వాయించిన పెద్దమనిషి ఈమధ్య కాలం చేశారు. ఆడవాళ్లు పాడుకోవడానికి పదకొండు పాటలకు వాద్య సహకారం ఆ కీబోర్డులోనే కట్టి పెట్టుకున్నారు. దప్పు శబ్దం అందులో లేకపోతే ఒక డ్రమ్ము శబ్దాన్ని శ్రుతి దించి, సవరించి, తనే తయారు చేసుకున్నారు. ఆయన కొడుకు తెలివైనవాడు. "మామా, పాటలన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించిన. ఇంక కీబోర్డు ఇచ్చేద్దాం," అన్నాడు. సరే, ఒకసారి వినిపించమన్నాను. ల్యాప్‌టాప్‌లో పెట్టి వినిపిస్తే పాట వచ్చింది గాని, దప్పు ఉండాల్సిన చోట ఏదో డబ్బా మోత. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఆడియోగా ఎగుమతి చేస్తే అయిదు నిమిషాల నిశ్శబ్దం. వాళ్లమ్మ విని, "గిది మీ అన్న చెయ్యి కాదు, తమ్మీ," అన్నది.

ఎందుకిలా అయింది? నాకు అర్థమైన భాషలో చెబుతాను. పెన్‌డ్రైవులో ఉన్నవి మిడి ఫైళ్లు. మిడి ఫైలు చెక్కులాంటిది. ఏ మెట్టు నొక్కాలి, ఎప్పుడు నొక్కాలి, 127 వరకు అంకెల్లో ఎంత బలంగా నొక్కాలి, ఎప్పుడు వదలాలి అన్న ఆజ్ఞలు మాత్రమే అందులో ఉంటాయి. సొమ్ము, అంటే శబ్దం, కీబోర్డు అనే బ్రాంచిలో ఉంటుంది. ఆ బ్రాంచి మూసేస్తే చెక్కు వట్టి కాగితం. వేరే యంత్రానికి చూపిస్తే అది తన దగ్గరున్న నాణెమే ఇస్తుంది.

ఈ మిడి పద్ధతి 1983లో వచ్చింది. జపాన్‌లో రోలాండ్ సంస్థ స్థాపకుడు ఇకుతారో కకెహాషీ, అమెరికాలో డేవ్ స్మిత్ దీనికి మూలపురుషులు. ఒక కంపెనీ వాద్యం ఇంకొక కంపెనీ వాద్యంతో మాట్లాడాలన్నది వాళ్ల ఉద్దేశం. ఇద్దరికీ 2013లో టెక్నికల్ గ్రామీ దక్కింది. 1985లో వచ్చిన మొదటి ఆక్టోపాడ్‌లో అసలు శబ్దమే లేదు. కొట్టిన దెబ్బను మిడి ఆజ్ఞగా మార్చి వేరే పెట్టెకు పంపేది, అంతే. 1991లో అన్ని యంత్రాలకూ ఉమ్మడిగా 128 వాద్యాల పట్టిక ఒకటి కుదిరింది. అందులో సితార్ 105వది, షెహనాయి 112వది. మన వీణ లేదు, దప్పు లేదు. ఆ పెద్దమనిషి దప్పు వేరే యంత్రంలో పలకకపోవడం వింతేమీ కాదు.

కనుక చెయ్యవలసింది ఒక్కటే. బ్రాంచి తెరిచి ఉండగానే సొమ్ము డ్రా చేసుకోవాలి, అంటే కీబోర్డు చేత వాయింపించి ఆ శబ్దాన్ని రికార్డు చేసుకోవాలి. పద్ధతి ఇదీ.

కంప్యూటర్ నుంచి కీబోర్డుకు మిడి తీగ కలపాలి. పాతవాటికైతే అయిదు పిన్నులది. కీబోర్డు వెనక లైన్ అవుట్ నుంచి రెండు తీగలు తెచ్చి ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టెలో పెట్టాలి. శబ్దం తీగలోంచే వస్తుంది కాబట్టి కింద గల్లీలో ఎంత గోల ఉన్నా రికార్డులో పడదు. హమ్మనే మోత వస్తుంటే ల్యాప్‌టాప్ ఛార్జరు తీసి చూడండి.

క్యూబేస్, లాజిక్, రీపర్ ఏదైనా సరే, ప్రతి మిడి ట్రాకుకూ ఒక ఖాళీ ఆడియో ట్రాకు తెరవాలి. ఒక్కొక్క వాద్యాన్నే వినిపిస్తూ, ప్రతిసారీ పాట మొదటి నుంచే రికార్డు చెయ్యాలి. అప్పుడే అన్నీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. సూచిక ఎర్రగీత తాకకూడదు. అత్యంత పెద్ద శబ్దం మైనస్ 6 డెసిబెల్స్ లోపే ఉంటే మంచిది. చివరి నాదం పూర్తిగా ఆరేదాకా ఆపవద్దు. అన్నీ అయ్యాక మిడి ట్రాకులను మూసి, ఆడియో ట్రాకులతో ఎగుమతి చెయ్యండి.

కంప్యూటర్ లోపలి వాద్యాలైతే అయిదు నిమిషాల పాట క్షణాల్లో తయారవుతుంది. బయటి కీబోర్డును తొందర పెట్టలేం. కొన్ని సాఫ్ట్‌వేర్లలో బయటి వాద్యాన్ని నేరుగా కలుపుకునే సదుపాయం ఉన్నా, ఎగుమతి మాత్రం పాట నడిచే వేగంతోనే జరగాలి. లెక్క చూడండి: పదకొండు పాటలు, పాటకు అయిదు నిమిషాలు, ఆరేసి వాద్యాలు అనుకుంటే 330 నిమిషాలు, అంటే అయిదున్నర గంటలు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో నిమిషానికి సుమారు 17 మెగాబైట్లు; మొత్తం దాదాపు 5.7 గిగాబైట్లు. చిన్న పెన్‌డ్రైవులో పడుతుంది.

ఆ అబ్బాయి రెండు ఆదివారాలు కూర్చుని పని పూర్తి చేశాడు. ఫైళ్లకు పాట పేరు, వాద్యం పేరు, తాళం వేగం రాసి పెట్టాడు. దప్పు విడిగా, వేణువు విడిగా ఉండటంతో, రేపు అమ్మలక్కలు శ్రుతి సరిపోక ఇబ్బంది పడితే వేణువు ఒక్కటి మార్చుకోవచ్చు, దప్పు ఆయనదే ఉంటుంది. వాళ్లమ్మ చెవి దగ్గర పెట్టుకుని వింటూ ఏమీ అనలేదు గాని, పక్క ఖోలీ ఆమెను కేకేసి పిలిచింది.

మరొక జాగ్రత్త. 1988లో వచ్చిన కోర్గ్ ఎం1 లాంటి చాలా పాత సింథసైజర్లలో మనం తయారు చేసుకున్న శబ్దాలను నిలబెట్టేది నాణెమంత బ్యాటరీ. అది అయిపోతే సొంత శబ్దాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. యంత్రం అమ్మకపోయినా, అటక మీదే ఉన్నా, ఆ సొమ్ము కరుగుతూనే ఉంటుందన్నమాట. కాబట్టి వచ్చే పండుగ దాకా వాయిదా వెయ్యకండి. తీసిన రికార్డు రెండు మూడు చోట్ల దాచండి. ఒకటి మాత్రం వేరే ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర ఉంచండి.

మీ ఇంట్లోనూ ఇలాంటి పెట్టె ఉంటే ముందు రికార్డు చేసుకోండి, ఆ తరువాతే బేరం ఆడండి. వీలైతే ఆ పాటలు పాడే పెద్దవాళ్లను కూర్చోబెట్టి వాళ్ల గొంతు కూడా పట్టుకోండి. దానికి మిడి ఫైలు కూడా లేదు.

వచ్చే సంచికలో లాకర్ నామినేషన్ సంగతి చూద్దాం. అంతవరకు సెలవు.