రెప్ప ఉబ్బింది, జబ్బు ఎక్కడిది?

కంటి పై రెప్ప ఉబ్బగానే ఇంట్లో వినిపించే మాటలు సాధారణంగా రెండే. రాత్రి నిద్ర చాలలేదని కొందరు, వేడి చేసిందని మరికొందరు అంటారు. విషయం అంతటితో ముగిసిపోతుంది. చాలా సందర్భాలలో అలా ముగిసిపోయినా నష్టమేమీ లేదు. అయితే కొన్ని వాపులు కంటికి సంబంధించినవే కావు. మూత్రపిండాలలోనో, థైరాయిడ్ గ్రంథిలోనో మొదలైన వ్యాధి ముందుగా రెప్పల మీద కనబడుతుంది. అందువల్ల రెప్ప ఉబ్బినప్పుడు మందు వెతకడానికి ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఉబ్బింది ఒక కన్నా, రెండు కళ్ళా? ఉదయం కనబడి సాయంత్రానికి తగ్గుతోందా, రోజంతా అలాగే ఉంటోందా?

కనురెప్ప చర్మం శరీరం మొత్తంలో అతి పలుచనైనది. దాని మందం మిల్లీమీటరు కన్నా తక్కువ. చర్మం కింద ఉండే కణజాలం కూడా వదులుగా ఉంటుంది. దేహంలో ఏ కారణం చేతనైనా నీరు నిలిస్తే, మొదట చేరే చోట్లలో రెప్ప ఒకటి. పగలంతా నిలబడి, కూర్చుని ఉంటాము కనుక ఆ నీరు కాళ్ళ వైపు దిగుతుంది. రాత్రి పడుకున్నప్పుడు ముఖానికి చేరుతుంది. దానికి తోడు నిద్రలో రెప్పలు ఆడవు. అందుకే వాపు ఉదయం ఎక్కువగా ఉంటుంది.

ఆలస్యంగా నిద్రపోయినా, రాత్రి భోజనంలో ఊరగాయ, అప్పడాలు ఎక్కువైనా, బాగా ఏడ్చినా తెల్లవారేసరికి రెండు రెప్పలూ కొద్దిగా ఉబ్బుతాయి. రమజాన్ మాసంలో నిద్ర ముక్కలవుతుంది, సహరీలో ఉప్పటి పదార్థాలూ ఎక్కువే కనుక చాలామందికి ఇది అనుభవమే. చల్లని నీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డను పది నిమిషాలు మూసిన కళ్ళపై ఉంచితే చాలు. కీరా ముక్కలు చేసే మేలు కూడా చల్లదనం వల్ల కలిగేదే, ఆ కూరగాయలో ప్రత్యేకమైన మహిమ ఏమీ లేదు. తలగడ కాస్త ఎత్తుగా పెట్టుకోవడం, రాత్రి పూట ఉప్పు తగ్గించడం కూడా ఉపకరిస్తాయి. ఇటువంటి వాపు మధ్యాహ్నానికి పోతుంది.

పిల్లల విషయంలో మాత్రం ఇంత నిశ్చింతగా ఉండకూడదు. రెండు నుంచి ఆరేళ్ళ వయసు బిడ్డకు రోజూ ఉదయం రెండు కళ్ళూ ఉబ్బుతూ, సాయంత్రానికి తగ్గుతూ ఉంటే దానిని ఎలర్జీగా భావించి వారాల తరబడి ఎలర్జీ సిరప్పు పట్టించడం తరచూ జరిగే పొరపాటు. దురద లేదు, ఎరుపు లేదు, కంటి వెంట నీరు లేదు, అయినా వాపు మాత్రం వస్తోందంటే అనుమానించవలసింది మూత్రపిండాలను. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే వ్యాధిలో మూత్రపిండాల జల్లెడ దెబ్బతిని, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీను మూత్రంలోకి జారిపోతుంది. ఆల్బుమిన్ తగ్గినప్పుడు రక్తనాళాలలోని నీరు బయటి కణజాలంలోకి చేరుతుంది. మొదట రెప్పలు, తరువాత పాదాలు, పొట్ట ఉబ్బుతాయి. మూత్రం నురగగా రావచ్చు. బరువు పెరుగుతుంటే, బిడ్డ ఒళ్ళు చేస్తున్నాడని ఇంట్లో వాళ్ళు సంతోషించడమూ ఉంది.

దీనిని పట్టే పరీక్ష ఎంతో సులభమైనది. ఉదయపు మూత్రంలో ఒక రంగు పట్టీని ముంచి ప్రోటీను ఉన్నదీ లేనిదీ చూస్తారు. చిన్న ల్యాబులో కూడా కొద్దిపాటి ఖర్చుతో పూర్తవుతుంది. ప్రోటీను ఎక్కువగా ఉంటే పిల్లల వైద్యులు రక్త పరీక్షలు చేయించి, సాధారణంగా ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మందు మొదలుపెడతారు. ఈ వ్యాధి వచ్చిన చిన్నపిల్లలలో అత్యధికులకు నాలుగు వారాల లోపే మూత్రంలో ప్రోటీను పోవడం ఆగుతుంది. స్టెరాయిడ్ అనే పేరు విని నానీ, దాదీ భయపడతారు. వాపు తగ్గిందని మధ్యలో మందు మానిపిస్తారు కూడా. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఆ మందును వైద్యుడు చెప్పిన క్రమంలో తగ్గిస్తూ ఆపాలే తప్ప హఠాత్తుగా ఆపకూడదు. వ్యాధి తిరగబెట్టడం సర్వసాధారణం కాబట్టి, తల్లిదండ్రులు రంగు పట్టీలు తెచ్చుకుని ఉదయం పూట మూత్రం చూసి ఒక నోటు పుస్తకంలో రాసుకోవడం నేర్చుకోవాలి. వరుసగా మూడు రోజులు మూడు ప్లస్సులు గానీ నాలుగు ప్లస్సులు గానీ వస్తే, రెప్ప ఉబ్బే దాకా ఆగకుండా వైద్యుని కలవాలి. వాపుతో ఉన్న బిడ్డకు జ్వరం, కడుపునొప్పి కలిసి వస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఇంకొక రకం కూడా ఉంది. గొంతునొప్పి వచ్చి తగ్గిన ఒకటి రెండు వారాలకో, చర్మంపై చీము పుండ్లు మానిన కొన్ని వారాలకో ముఖం ఉబ్బి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అది మూత్రపిండాల వాపు. అప్పుడు బిడ్డకు రక్తపోటు కూడా చూడాలి. పిల్లలకు బీపీ ఏమిటని అనుకోవద్దు.

పెద్దలలో రెండు రెప్పలూ రోజంతా ఉబ్బినట్లుంటే, దానికి తోడు నీరసం, మలబద్ధకం, చలికి తట్టుకోలేకపోవడం ఉంటే థైరాయిడ్ మందగించిందేమో టీఎస్‌హెచ్ పరీక్షతో తెలుసుకోవచ్చు. గ్రంథి అతిగా పనిచేసినప్పుడూ రెప్పలు వాస్తాయి గానీ, కళ్ళు ముందుకు పొడుచుకు వచ్చినట్లు కనబడతాయి. పొగ తాగే వారిలో ఈ కంటి సమస్య మరింత ముదురుతుంది. రక్తపోటుకు ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మాత్రలు వాడేవారికి అవి మొదలుపెట్టిన కొన్ని నెలలకు, ఒక్కోసారి ఏళ్ళ తరువాత కూడా, రెప్పలు, పెదవులు, నాలుక హఠాత్తుగా ఉబ్బవచ్చు. ఊపిరి ఆడకపోతే అది ప్రాణాపాయం, క్షణం ఆలస్యం చేయకూడదు.

ఇక ఒక కన్ను మాత్రమే ఉబ్బినప్పుడు కారణం తరచూ అక్కడే దొరుకుతుంది. రెప్ప అంచున ఎర్రగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే కంటి కురుపు. వెంట్రుక మూలంలోనో, దాని పక్కనున్న నూనె గ్రంథిలోనో సూక్ష్మక్రిములు చేరడమే దానికి కారణం. మామిడిపండు తిన్నందుకు వచ్చేది కాదు. గోరువెచ్చని గుడ్డతో పది నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు కాపడం పెడితే వారం పది రోజుల్లో సాధారణంగా తగ్గుతుంది. చిదమకూడదు. సున్నం, వెల్లుల్లి రసం పూయడం కంటికే ముప్పు. నొప్పి లేని గట్టి గడ్డ వారాల తరబడి ఉంటే వైద్యుడు చిన్న కోతతో తొలగిస్తాడు. వయసు మళ్ళినవారికి అదే చోట గడ్డ మళ్ళీ మళ్ళీ వస్తుంటే ముక్క తీసి పరీక్ష చేయించడం తప్పనిసరి, రెప్ప క్యాన్సరు కూడా ఇలాగే కనబడుతుంది.

ఒక కన్ను వాచి జ్వరం ఉండడం, కన్ను తిప్పితే నొప్పి కలగడం, చూపు మసకబారడం, వస్తువులు రెండుగా కనబడడం, కన్ను ముందుకు ఉబకడం, వీటిలో ఏది కనిపించినా అది కంటిగూడులోని ఇన్ఫెక్షన్ కావచ్చు. ముక్కు పక్కనున్న సైనస్‌ల నుంచి ఇది పాకుతుంది. మధుమేహం ఉన్నవారిలో చెంప మొద్దుబారి, ముక్కు నుంచి నల్లటి స్రావం వస్తే, 2021లో మనమందరం విన్న బ్లాక్ ఫంగస్ గుర్తుకు రావాలి. ఇవి గంటలతో పని ఉన్న వ్యాధులు.

దురదతో కూడిన వాపుకు కారణం ఎక్కువగా ఇంట్లోనే ఉంటుంది. తలకో గడ్డానికో ఖిజాబ్ వేసుకున్న ఒకటి రెండు రోజులకు రెప్పలు ఉబ్బితే చాలామంది ఆ రెండింటికీ సంబంధం ఊహించరు. నల్ల రంగులలోనూ, నల్ల మెహందీగా అమ్మే కోన్‌లలోనూ ఉండే పీపీడీ అనే రసాయనం అందుకు కారణం కావచ్చు. స్వచ్ఛమైన గోరింటాకుతో ఈ బాధ చాలా అరుదు. గోళ్ళ రంగు కూడా వేళ్ళను ఏమీ చేయకుండా రెప్పలను మాత్రం ఉబ్బించగలదు, ఎందుకంటే మనకు తెలియకుండానే చేయి కంటి మీదికి వెళుతూనే ఉంటుంది. సుర్మా గురించి చెప్పక తప్పదు. ఆ అలవాటును తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. బజారులో దొరికే అనేక సుర్మాలలో ఉండేది సీసం, అది పసిబిడ్డల మెదడుకు హాని చేస్తుంది. డబ్బాలో ఏముందో తెలియని సుర్మాను పిల్లలకు పెట్టకూడదు. ఒకే సలాయిని ఇంటిల్లిపాదీ వాడితే ఒకరి కంటి జబ్బు అందరికీ చేరుతుంది.

మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే చుక్కల మందుల విషయంలో మరీ జాగ్రత్త. స్టెరాయిడ్ కలిసిన చుక్కలు వేస్తే దురద, ఎరుపు ఒక్క రోజులో మాయమవుతాయి, అందుకే వాటిపై నమ్మకం కుదురుతుంది. నెలల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు, ఆపైన శుక్లాలు వచ్చే అవకాశం ఉంది. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. పాత సీసాను దాచి, మరొకరి కంటికి వేయడం అసలే కూడదు.

వయసుతో వచ్చే ఉబ్బు వేరు. రెప్పలోని పొర సడలి, వెనుకనున్న కొవ్వు ముందుకు జారి, చర్మం మడతలు పడుతుంది. క్రీములతో అది తగ్గదు. రెప్ప బరువుకు పైచూపు అడ్డుపడుతుంటే కంటి శస్త్రవైద్యుడు అధిక చర్మాన్ని, అవసరమైతే కొంత కొవ్వును తొలగిస్తాడు. అందుకు ముందు థైరాయిడ్, కంటి పొడిదనం పరీక్షించుకోవాలి. రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్న వారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి, వాటిని తమంతట తాము ఆపుకోకూడదు.